ఎడమవైపు గుంట

ఎల్లారెడ్డి
18 జూన్ 2012

గ్లోరీ అక్కకు,

ఫోన్ చేయకుండా ఉత్తరం రాస్తున్నానని నవ్వుకోకు. ఈ గదిలో మేం ముగ్గురం అద్దెకుంటాం. నా ఫోన్ మోగితే చాలు, మిగతా ఇద్దరి చెవులూ వచ్చి నా మంచం మీద కూర్చుంటాయి. పైగా ఇది నోటితో చెప్పుకునే సంగతి కాదు. బావ కండక్టరుగా వచ్చే బస్సు సాయంత్రం కామారెడ్డికి తిరిగి వస్తుంది కాబట్టి కవరు ఆయన చేతికే ఇస్తున్నాను. జిగురు పెట్టి అంటించి, పైన స్టేప్లరు కూడా కొట్టాను.

పోయిన నెల ఆఫీసు ట్రైనింగ్ అని చెప్పి హైదరాబాద్ పోయాను కదా. అది ట్రైనింగ్ కాదు. ఆపరేషన్ చేయించుకున్నాను, ఛాతీకి. పదో తరగతి నుంచి నా ఛాతీ ఆడపిల్లకు పెరిగినట్టు ఎలా పెరిగిందో, ఎండాకాలంలో కూడా చొక్కా కింద రెండు బనియన్లు ఎందుకు వేసుకునేవాడినో ఇంట్లో నీకొక్కదానికే తెలుసు. తెలిసీ ఎన్నడూ అడగలేదు. అందుకే నీకు రాస్తున్నాను.

ఇక్కడ తహసీల్ ఆఫీసులో నా పేరు లక్ష్మణ్ కాదు, లచ్చవ్వ. సీనియర్ అసిస్టెంట్ ఎంకయ్య పెట్టిన పేరు. పొలాల పహాణీ పుస్తకంలో రైతు పేరు ఒక్కటి తప్పు లేకుండా రాయడం రాదు ఆ మనిషికి. నా పేరు మాత్రం మొదటిసారే అందరికీ నచ్చేలా పెట్టాడు. "లచ్చవ్వా, గా ఫైలు ఇటియ్యి" అంటే బయట నిలబడిన రైతులు కూడా నవ్వుతారు. వాళ్ళకు పని కావాలి, నవ్వక ఏం చేస్తారు.

పేపర్లో ప్రకటన చూసి ఆ క్లినిక్‌కు పోయాను. అద్దాల మేడ. డాక్టరు గది గోడ నిండా సర్టిఫికెట్లు, గదిలో డాక్టరు మాత్రం తక్కువ సేపే ఉంటాడు. నా టీ చల్లారకముందే చూడడం అయిపోయింది. "పొద్దున వస్తవ్ బాస్, సాయంత్రం పోతవ్" అన్నాడు. జన్మలో నన్ను బాస్ అని పిలిచిన మొదటి మనిషి అతనే. ఆ మాటకే పడిపోయాను.

ఇప్పుడు ఎడమవైపు వాచింది. నడుస్తుంటే లోపల నీళ్ళు కదిలినట్టుంది. నొప్పి పెద్దగా లేదు, జ్వరం లేదు. చనుమొన దగ్గర ముట్టుకుంటే ముట్టుకున్నట్టే తెలియదు. క్లినిక్‌కు ఫోన్ చేస్తే ఒక అమ్మాయి ఎత్తి "నార్మల్ సార్" అంటుంది. నా పేరు చెప్పకముందే నార్మల్ అంటుంది.

నువ్వు నర్సువి. ఏం చేయాలో రాయి. ఎవరికీ చెప్పకు. బావకు అసలే వద్దు.

నీ తమ్ముడు,
లక్ష్మణ్


కామారెడ్డి
20 జూన్ 2012

తమ్మీ,

నీ కవరు తెరవడానికి కత్తెర కావాల్సి వచ్చింది. చదివాక అదే కత్తెరతో నీ చెవి కోయాలనిపించింది.

మా వార్డులో నిన్న చెరుకు రసం మిషన్లో వేళ్ళు నలిగిన మనిషిని చేర్చుకున్నాం. అతను ఏడుస్తూ "ఎట్లనన్న అతికియ్యిండ్రి" అంటున్నాడు. ఇక్కడ నా తమ్ముడేమో ఒంటికి అతికి ఉన్నదాన్ని కోయించుకుని వచ్చాడు. ఎందుకు? ఎంకయ్య నోరు మూయించడానికి. నీ ఛాతీ తగ్గింది సరే, ఎంకయ్య నోరు తగ్గిందా? ఇంకో మాట. ఆడదాని పేరుతో పిలిస్తే నీకంత అవమానంగా ఉందా? నేను పుట్టినప్పటి నుంచీ ఆడదాని పేరుతోనే బతుకుతున్నాను, నాకేం కాలేదు.

ఇక పని మాట. లోపలి గడ్డ తీసిన చోట ఖాళీ ఏర్పడుతుంది. అందులో ఊట నీరు చేరింది. కోసినవాడి దగ్గరికే పోయి శుభ్రమైన సూదితో లాగించుకో. ఒకసారి లాగితే మళ్ళీ నిండవచ్చు, నిండితే మళ్ళీ పో. వాళ్ళిచ్చిన బిగుతు బనియను వేసుకుంటున్నావా? ఉక్కపోస్తుందని విప్పి మంచం కింద పడేసి ఉంటావు. తీసి ఉతికి వేసుకో. మీ వీధి ఆర్‌ఎంపీ దగ్గరికి పోయి పొడిపించుకున్నావంటే చీము పడుతుంది. ఎర్రబడినా, వేడిగా తగిలినా, జ్వరం వచ్చినా ఎవరినీ అడగకుండా బస్సెక్కి ఇక్కడికి రా. స్పర్శ చాలామందికి నెలల మీద మెల్లగా తిరిగి వస్తుంది.

కోయకముందు హార్మోన్లకు రక్తం పరీక్ష చేశారా? ఏ మందులు వాడుతున్నావని అడిగారా? అడిగి ఉండరు. గోడకు సర్టిఫికెట్లు తగిలించడానికే వాళ్ళకు టైం సరిపోయి ఉంటుంది.

మీ బావకు వారం నుంచి నడుము నొప్పి. లోకంలో ఇంకెవరికీ నడుము లేనట్టు తిరుగుతున్నాడు. మగవాళ్ళ ఒళ్ళు చూసుకోవడంతోనే నా బతుకు అయిపోయేలా ఉంది.

కోపంతో,
గ్లోరీ


ఎల్లారెడ్డి
5 ఆగస్టు 2012

గ్లోరీ గారికి,

ఇకమీద గారు అనే రాస్తాను. నా అక్క అయితే ఈ పని చేసేది కాదు.

నువ్వు చెప్పినట్టే హైదరాబాద్ పోయి నీరు లాగించుకున్నాను. మళ్ళీ నిండింది, మళ్ళీ లాగించుకున్నాను. ఆ సంగతి అలా ఉంచు. మొన్న బస్టాండులో జరిగింది విను.

టీ తాగడానికి ఆఫీసు వాళ్ళతో పోయాను. ఎంకయ్య మిర్చిబజ్జీలు తింటున్నాడు. బావ బస్సు దిగి, టికెట్ మిషను మెడలో వేలాడుతుండగా నేరుగా నా దగ్గరికి వచ్చి, అందరి ముందర "ఏం బామ్మర్ది, ఛాతీ ఎట్లున్నది? వాపు దిగిందా?" అని అడిగాడు. అంతటితో ఆగలేదు. "ఏది, చూపియ్యి" అని చెయ్యి పెట్టి తట్టాడు. అది కూడా ఎడమవైపే.

ఎంకయ్య బజ్జీ నమలడం ఆపేశాడు. ఆ మనిషి తినడం ఆపగా నేను చూడడం అదే మొదలు.

ఒక్క మాట, బావకు చెప్పకు అన్నాను. నువ్వు చెప్పావు, లేదా ఆయనే కవరు విప్పాడు. మొగుడూ పెళ్ళాలు సాయంత్రం టీ తాగుతూ నా ఛాతీ గురించి నవ్వుకుని ఉంటారు. నవ్వుకోండి. ఊరంతా నవ్వుతున్నది, మీ ఇల్లొక్కటి ఎందుకు మిగలాలి.

నాగిరెడ్డిపేటలో అవ్వ కూడా, కన్నతల్లి కళ్ళు కదా, నా చొక్కా సందులోంచి బిగుతు బనియను చూసింది. "ఏందిరా గది" అంటే గుండె దగ్గర చిన్న ఆపరేషన్ అయిందని చెప్పాను. అది అబద్ధమేమీ కాదు, గుండె ఉండేది అక్కడే.

ఇదే ఆఖరి ఉత్తరం.

లక్ష్మణ్


కామారెడ్డి
9 ఆగస్టు 2012

గారు గారికి,

ఇంత తెలివి తక్కువవాడికి తహసీల్ ఆఫీసులో ఉద్యోగం ఎవరిచ్చారో కనుక్కోవాలి.

మీ బావకు నేను చెప్పింది ఇది: నువ్వు ఎవరిదో మోటరుసైకిల్ అడుక్కుని నడిపి, నిజాంసాగర్ రోడ్డు మీద పడ్డావని, ఛాతీకి దెబ్బ తగిలి వాచిందని. ఎందుకు చెప్పానంటే, నువ్వు కవరుకు స్టేప్లరు కొట్టి ఇస్తే ఎంత మంచివాడికైనా అనుమానం వస్తుంది. ఆయన అడిగాడు, నేను ఏదో ఒకటి చెప్పాలి. ఆయన నీ మీద జాలితో అడిగాడు. నీ కోసమని నొప్పి మందు డబ్బా కూడా కొని బ్యాగులో పెట్టుకున్నాడు. నువ్వు మొహం తిప్పుకుని పోయావట. రాత్రి అన్నం తినేటప్పుడు "నేనేమన్న తప్పు మాట్లాడిన్నా" అని రెండు సార్లు అడిగాడు. కవరు విప్పేంత చురుకు ఆ మనిషికి ఉంటే ఈపాటికి కంట్రోలర్ అయ్యేవాడు.

నీ ఛాతీ గురించి ఆలోచించేంత తీరిక ఈ ఇంట్లో ఎవరికీ లేదు. ఆ తీరిక నీకొక్కడికే ఉంది.

ఇక నువ్వు అవ్వకు చెప్పిన ముక్క ఎంత దూరం పోయిందో విను. అవ్వ పాస్టరు గారికి చెప్పింది. ఆదివారం ప్రార్థనలో నీ పేరు చదివి, నీ గుండె కోసం అందరూ మోకరించారు. తర్వాత నాకు ఫోన్ చేసి ఏడ్చింది. "పిల్లగాని గుండె కోసిండ్రట. నర్సువై ఉండి నాకు ఒక్క మాట చెప్పకపోతివి." నేనేమనాలి? నీ మాట నిలబెట్టాను. అవునవ్వా, చిన్నదే, భయం లేదు అన్నాను.

కాబట్టి ఇప్పుడు నీకు బండి మీంచి పడిన ఛాతీ ఒకటి, కోసిన గుండె ఒకటి, ట్రైనింగ్ ఒకటి ఉన్నాయి. ఏది ఎవరికి చెప్పావో గుర్తు పెట్టుకో. నా వల్ల కాదు.

నీకు అక్కగా పుట్టిన,
గ్లోరీ


ఎల్లారెడ్డి
11 ఫిబ్రవరి 2013

అక్కా,

ఆఖరి ఉత్తరం అన్నవాడు మళ్ళీ రాశాడని వెక్కిరించు. వెక్కిరించాక మిగతాది చదువు.

నీరు ఊరడం ఆగిపోయింది. దాని బదులు గుంట పడింది. ఎడమ చనుమొన కింద, జొన్నపిండి ముద్ద మీద బొటనవేలు ఒత్తి తీసినట్టు. చెయ్యి పైకెత్తితే అక్కడి చర్మం లోపలి కండకు అతుక్కుని లోపలికి లాగుతుంది. కుడివైపు గడ్డ కొంత మిగిలిపోయింది. ఇదివరకు రెండు వైపులా సమానంగా అసహ్యంగా ఉండేది. ఇప్పుడు ఒకవైపు గుట్ట, ఒకవైపు గుంట. కోయించుకుని సంపాదించింది ఇది.

డాక్టరుకు చూపించాను. తన పనిలో తప్పు లేదట. "మీ బాడీ మానే తీరు అట్లున్నది బాస్. చిన్న టచప్ చేస్తే అయిపోతది, వచ్చే వారం వచ్చేయ్" అన్నాడు. గోడకు సున్నం వేసేవాడు కూడా ముందు గోడ ఆరనీ అంటాడు. ఇతనికి వచ్చే వారమే కావాలి.

ఇంకొక తద్దినం. అవ్వ నాకు సంబంధం చూసింది. బీబీపేట అమ్మాయి, పేరు రూతు, అక్కడి చర్చి బడిలో టీచరు. చూసి వచ్చాం. ఆ అమ్మాయి తల వంచుకుని కూర్చోలేదు, నన్ను నేరుగా చూసింది. నాకు నచ్చింది. అంతలో వాళ్ళ నాన్న మన పాస్టరు గారిని విచారిస్తే, ఆయన నా గుండె ఆపరేషన్ సంగతి గొప్పగా చెప్పాడట, ప్రార్థన ఎలా పని చేసిందో చూడండి అని. ఇప్పుడు వాళ్ళు ఆలోచించుకుంటామంటున్నారు. ఆఫీసుకూ పాకింది. ఎంకయ్య నా ముందర ఫైలు పెట్టి "మెల్లగ లేవు లచ్చవ్వా, గుండె జాగ్రత్త" అంటున్నాడు. కొత్త పేరు వస్తే పాతది పోతుందనుకున్నాను. రెండూ ఉన్నాయి.

టచప్‌కు పోనా? నీకు తెలిసిన సర్జన్ ఎవరైనా ఉంటే అడుగు.

లక్ష్మణ్


కామారెడ్డి
19 ఫిబ్రవరి 2013

తమ్మీ,

టచప్ అనేది పెళ్ళి ఫోటోలకు చేస్తారు. మనిషికి చేసేది ఇంకో ఆపరేషన్, మళ్ళీ మత్తు, మళ్ళీ కుట్లు. చిన్న పేరు పెడితే పని చిన్నది అవుతుందా?

మా సర్జన్ గారిని వేరే ఎవరి సంగతో అన్నట్టు అడిగాను. విసుక్కుంటూనే చెప్పాడు. లోపలి మచ్చ గట్టిపడి తిరిగి మెత్తబడడానికి ఏడాది దాకా పడుతుందట. అంతకుముందు కత్తి పెట్టేవాడికి తొందర ఎక్కువ, బుద్ధి తక్కువ అన్నాడు. ఈలోగా గుంట చుట్టూ రోజూ వేళ్ళతో మర్దన చేయాలి. ఏడాది తర్వాత కూడా లాగుతుంటే అతుక్కున్న చర్మాన్ని కండ నుంచి విడదీసి, పొట్టలోంచి కొవ్వు తీసి ఆ ఖాళీలో నింపుతారు. నింపినదంతా నిలవదు, కొంత కరిగిపోతుంది, ఒక్కోసారి మళ్ళీ నింపాల్సి వస్తుంది. కుడివైపు మిగిలిన గడ్డను అప్పుడే పాత కోతలోంచి తీసేయొచ్చు. రెండు వైపులా అచ్చు ఒకేలా వస్తాయని మాట ఇచ్చేవాడిని నమ్మొద్దన్నాడు. ఏమీ చేయకుండా వదిలేయడం కూడా ఒక దారేనట. నాకైతే అదే మంచిదనిపించింది.

ఏం చేసినా ఆ అద్దాల మేడకు మాత్రం పోకు.

ఆ పిల్లకు నిజం చెప్పు. లేని గుండె జబ్బు కోసం సంబంధం పోగొట్టుకున్నవాడు మన జిల్లాలో నువ్వొక్కడివే అవుతావు.

గ్లోరీ


ఎల్లారెడ్డి
14 మే 2013

అక్కా,

వదిలేయడమే మంచిది అని ఎంత సులువుగా రాశావు. నువ్వు వెటకారంగా నవ్వుతూ ఆ వాక్యం రాసినట్టే నాకు కనబడింది. ఆ కోపంతోనే, నువ్వు వద్దన్న ఆ క్లినిక్‌కే పోయాను. జరిగింది బావ నీకు ముక్కలు ముక్కలుగా చెప్పి ఉంటాడు. మొత్తం నేను రాస్తాను.

బావకు ఆ రోజు సెలవు. కామారెడ్డి స్టేషన్‌లో కనబడి, ఒంటరిగా ఎందుకు, నేనూ వస్తానన్నాడు. రైల్లో ఆయనకు అంతా చెప్పేశాను. నవ్వుతాడేమోనని కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పాను. ఆయన చేతిలో పల్లీల పొట్లం నా ఒళ్ళో పెట్టాడు. తర్వాత "గింత దానికి నువ్వు మోటర్‌సైకిల్ మీదికెళ్ళి పడ్డవని డిపో మొత్తం చెప్పుకుంట తిరిగిన గదరా" అన్నాడు. అంతే.

క్లినిక్ హాల్లో చాలామంది కూర్చుని ఉన్నారు. ఒక్కరు కూడా పక్కవాడి మొహం చూడడం లేదు. గోడకు కొత్తగా ఒక పెద్ద పటం పెట్టారు. రెండు ఫోటోలు, మెడ నుంచి నడుము దాకా, తలకాయ లేకుండా. ఒకదాని కింద 'ముందు', రెండోదాని కింద 'తర్వాత'. ముందు అన్న ఫోటోలో కుడి భుజం కింద పొడుగాటి కాలిన మచ్చ ఉంది. నా ఒంటి మీద మచ్చ. ఆపరేషన్ రోజు పొద్దున తీసిన ఫోటో, నన్ను ఒక్క మాట అడగకుండా గోడకెక్కించారు. తర్వాత అన్నదాంట్లో ఛాతీ పలకలా ఉంది. మచ్చ లేదు, గుంట లేదు. వాడెవడో నాకు తెలియదు.

బావ దగ్గరికి పోయి చూసి "గిది నీదే గదా. మరి గీ పక్కోడు ఎవడు?" అన్నాడు గట్టిగానే. కౌంటరు దగ్గర అమ్మాయి లేచి నిలబడింది. లోపలి నుంచి డాక్టరు వచ్చాడు.

"బాస్, అది నమూనా మాత్రమే. లోపల మాట్లాడుకుందాం."

"ఇక్కడనే మాట్లాడుదాం సార్" అన్నాను.

"సౌండ్ తగ్గించు బాస్. పేషెంట్లు ఉన్నరు."

నాకు ఆ మనిషి మీద కోపం రాలేదు. అసహ్యం వేసింది. ఇలాంటివాడు బాస్ అన్నందుకు నేను సంతోషపడ్డానే అని నా మీద అంతకంటే ఎక్కువ అసహ్యం వేసింది. చొక్కా గుండీలు విప్పాను. బనియను కూడా తీసేశాను. పటం పక్కన నిలబడి, కూర్చున్నవాళ్ళ వైపు తిరిగి "ముందు అన్నది నేనే. తర్వాత అన్నది ఇది, మంచిగ చూసుకోండ్రి" అన్నాను. చెయ్యి పైకెత్తి గుంట లోపలికి ఎలా లాగుతుందో చూపించాను.

ఎవరూ నవ్వలేదు. పదో తరగతి నుంచి నేను భయపడింది దీనికే, అంతమంది ముందర చొక్కా లేకుండా నిలబడితే నవ్వుతారని. ఒక్కరు కూడా నవ్వలేదు. ఒక పెద్దమనిషి తన కొడుకును లేపి "నడువు" అన్నాడు, ఇద్దరూ వెళ్ళిపోయారు. వెనక ఇంకో అతను లేచాడు.

డాక్టరు నా చెవి దగ్గరికి వచ్చి "టచప్ ఉత్తగనే చేస్తా. సంతృప్తిగా ఉన్నానని ఒక సంతకం పెట్టు చాలు" అన్నాడు.

"మీ చేయి మళ్ళ నా మీద పడనియ్య సార్. మీకు ఫోటో తీసుడు వచ్చు, గదే చేసుకోండ్రి" అన్నాను.

బావ ఈలోగా ఆ పటాన్ని మేకు మీంచి తీసి చంకలో పెట్టుకున్నాడు. ఆ అమ్మాయి అడ్డం వస్తే "ఇది మావోనిది. మేం తీస్కపోతున్నం" అన్నాడు, టికెట్ లేనివాణ్ణి దింపే గొంతుతో.

బయటికి వచ్చాక కూడా చొక్కా గుండీలు పెట్టుకోలేదని నేను గమనించలేదు. బావే పెట్టాడు. ఒకటి తప్పు కాజాలో పెట్టాడు, అలాగే ఇంటిదాకా వచ్చాను.

లక్ష్మణ్


కామారెడ్డి
20 మే 2013

తమ్మీ,

ఆ పటాన్ని మీ బావ హాల్లో పెడతానన్నాడు. ఫోటోలు చింపి పొయ్యిలో వేశాను. చట్రం బాగుంది, ఉంచుకున్నాను.

వదిలేయడం మంచిదంటే నీ బాధ ఉత్తదని కాదు నేనన్నది. మళ్ళీ కోస్తే మళ్ళీ ఏమవుతుందోనని భయంతో రాశాను. నాకు భయం వేస్తే వెటకారంలాగే బయటికి వస్తుంది, నీకింకా తెలియకపోతే ఎట్లా?

హైదరాబాద్‌లో పెద్ద సర్కారు దవాఖాన ఉంది కదా, అక్కడ ప్లాస్టిక్ సర్జరీ విభాగంలో నాతో చదివిన అమ్మాయి సిస్టరుగా ఉంది. మాట్లాడాను. తొందరపెట్టరు, ఫోటోలు గోడకెక్కించరు. అక్కడ ఏసీ లేదు, బెంచీలు విరిగి ఉంటాయి, నిన్ను ఎవరూ బాస్ అనరు. పో.

రూతుకు చెప్పావా? రాయలేదు. అంటే చెప్పలేదన్నమాట. నవ్వుతారని భయపడిన గుంపు ముందర చొక్కా విప్పడం కన్నా ఒక ఆడపిల్లకు నిజం చెప్పడం నీకు కష్టంగా ఉందా?

గ్లోరీ


ఎల్లారెడ్డి
27 జనవరి 2014

అక్కా,

పెద్ద దవాఖానలో ఆపరేషన్ అయ్యి, కుట్లు తీసి, ఆఫీసులో చేరాను. నాకు చేసిన డాక్టరమ్మ నవ్వని మనిషి. ముందు రక్తం పరీక్షలన్నీ చేయించింది. "లాగుతున్న చోట విడదీస్తాను, కొవ్వు నింపుతాను, కుడివైపు గడ్డ తీస్తాను. గుంట తగ్గుతుంది, పూర్తిగా పోకపోవచ్చు. ఇష్టమైతే చేయించుకో, లేకపోతే ఇంటికి పో" అంది. అంత మర్యాద లేకుండా మాట్లాడిన మనిషిని నేను వెంటనే నమ్మాను. ఇప్పుడు చెయ్యి ఎత్తితే లాగడం లేదు. గుంట ఉంది, వెతికితే కనబడుతుంది. ఒక పక్క స్పర్శ ఇంకా సగమే.

రూతు సంగతి. మొన్న ఆమే ఆఫీసుకు వచ్చింది, ఆదాయ సర్టిఫికెట్ కోసమని. వాళ్ళ మండలానికి తహసీల్ ఆఫీసు వేరే ఉంది, ఇక్కడికి రావాల్సిన పని లేదు. ఎంకయ్య "లచ్చవ్వా, నీ కోసం ఎవలో వచ్చిండ్రు" అని అరిచాడు. ఆమె అతని వైపు చూసి "ఆయన పేరు మీకు తెల్వదా? రిజిస్టర్ల రాసి ఉంటది, చూసుకోండ్రి" అంది. నేను ఇన్నేళ్ళలో అనలేని మాట.

బయట టీ కొట్టు దగ్గర నిలబడి అడిగింది. "గుండె ఆపరేషన్ నిజమేనా?"

కాదన్నాను. ఛాతీ సంగతి, క్లినిక్ సంగతి, గుంట సంగతి అంతా చెప్పాను. మధ్యలో ఆపలేదు, నవ్వలేదు. అంతా విన్నాక అంది:

"గుండె జబ్బున్నా సరే గాయన్నే చేసుకుంటనని మా బాపుతోని ఏడాది కొట్లాడిన నేను. జబ్బుకు భయపడలే. నువ్వు గీ మాట చెప్పనీకి ఎందుకు భయపడ్డవు? నాతోని ఒక్కసారి చెప్పనీకి ఏమాయె?"

టీ తాగకుండానే బస్సెక్కింది. నిన్న వాళ్ళ నాన్న ఫోన్ చేసి ఈ సంబంధం వద్దన్నాడు. మా అమ్మాయే వద్దంటున్నది అన్నాడు.

నన్ను చూసి నవ్వినవాళ్ళందరినీ ఇన్నేళ్ళూ పురుగుల్లా చూశాను అక్కా. అది నాకు బాగా చేతనయింది. ఆమె నవ్వలేదు. వెళ్ళేటప్పుడు నన్ను చూసిన చూపుకు తిరిగి ఎలా చూడాలో నాకు తెలియలేదు.

లక్ష్మణ్


నాగిరెడ్డిపేట
21 ఏప్రిల్ 2014

అక్కా,

ఈస్టరుకు ఇంటికి వచ్చాను. నువ్వు డ్యూటీ వల్ల రాలేకపోయావు కాబట్టి నిన్న జరిగింది రాస్తున్నాను. అవ్వ నీకు వేరే రకంగా చెప్పకముందే.

శనివారం పొద్దున అవ్వ నా తెల్లచొక్కా ఉతికి ఆరేస్తూ, రేపు చర్చిలో లేచి సాక్ష్యం చెప్పాలంది. దేవుడు నా గుండెను ఎలా బాగు చేశాడో అందరికీ చెప్పాలట. పాస్టరు గారికి మాట ఇచ్చేసిందట. రూతుకు చెప్పినట్టే అవ్వకూ అంతా చెప్పాను. ఈసారి కిటికీలోంచి బయటికి చూడలేదు.

"ఏది, చూపియ్యి" అంది.

చొక్కా విప్పాను. తడి చేత్తో ఎడమవైపు తడిమి చూసింది. "గిదేనా?" అంది. ఇదేనన్నాను.

"గుండెకు ఏం గాలే?"

"ఏం కాలేదవ్వా."

తీగ మీది తెల్లచొక్కా తీసి మళ్ళీ పిండింది. తర్వాత "ఏసయ్యను ఇన్నొద్దులు ఉత్తగనే సతాయించిన్నా? నీ గుండెకని శుక్రవారం శుక్రవారం అన్నం ముట్టలే. గవన్ని ఎవలికి పోయినై?" అంది. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. సాయంత్రం గంజి పెట్టింది, గిన్నె గట్టిగా చప్పుడయ్యేలా పెట్టింది.

నిన్న చర్చిలో పాస్టరు గారు సాక్ష్యానికి నా పేరు పిలిచారు. నేను లేవబోతుంటే అవ్వ నా భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టి తనే లేచింది. చెంగు నెత్తి మీద సర్దుకుని, అందరి వైపు తిరిగి ఇలా అంది:

"మీరందరు మావోని గుండెకు ప్రార్థన చేసిండ్రు. మీకు దండాలు. మావోని గుండె మంచిగనే ఉన్నది. ముందుగాల గూడ మంచిగనే ఉండె. వాని నోరే మంచిగ లేకుండె, ఉన్న మాట చెప్పకపోతుండె. దానికి చేయుండ్రి ప్రార్థన."

పాస్టరు గారు చేతిలో బైబిలు పక్కన పెట్టారు. తర్వాత కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు, నా నోటి కోసం. చివర అందరూ ఆమెన్ అన్నారు. నేను కూడా అన్నాను, అందరికీ వినబడేలా.

నీ తమ్ముడు,
లక్ష్మణ్